కర్నూలు నడిబొడ్డున ఐదంతస్తుల కాపురం: ఫ్లాటు ధరలో కనపడని లెక్కలు

క్లుప్తంగా: అంగడి, బడి, ఆస్పత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న పేటలో ఫ్లాటు కొన్నవాళ్లకు రెండు వస్తువులు దక్కుతాయి. ఒకటి తలుపు వెనకాల ఉండే నాలుగు గదులు. రెండోది నేల, పైకప్పు, బోరు, లిఫ్టు, మెట్లు కలిసిన ఉమ్మడి ఆస్తిలో వాటా. బేరమంతా మొదటిదాని మీదే సాగుతుంది. నీళ్ల కొరత, మెయింటెనెన్స్ తగాదాలు, పార్కింగ్ గొడవలు, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే పెద్ద మరమ్మతులు మాత్రం రెండోదానిలోంచి వస్తాయి.

కర్నూలులో సీ క్యాంపు పక్క సందుల్లోనో, అశోక్ నగర్‌లోనో ఒక పాత మిద్దె కూలిందంటే అక్కడ మళ్లీ మిద్దె లేవడం తక్కువ. స్థలం యజమానికీ బిల్డరుకీ డెవలప్‌మెంట్ ఒప్పందం కుదురుతుంది, రెండు మూడేళ్లలో స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య బండ్లు నిలిపే చోటు) ప్లస్ ఐదు అంతస్తులు లేస్తాయి. మరోవైపు నంద్యాల రోడ్డు, బళ్లారి రోడ్డు వెంట వెంచర్లలో స్థలాలు అమ్ముతుంటారు. మాటల్లో ఫ్లాటూ ప్లాటూ ఒకేలా పలుకుతాయి గానీ దస్తావేజులో రెండూ వేరు. ఊరి చివర మూడు సెంట్లు కొన్నవారికి మూడు సెంట్లూ సొంతం. ఊరి నడుమ ఫ్లాటు కొన్నవారికి నేలలో దక్కేది విడదీయలేని వాటా. రెండింట్లో ఏది మేలన్నది ఇంటింటికీ మారుతుంది. అయితే ఆ లెక్క వేసేటప్పుడు మామూలుగా జారిపోయే అంకెలు కొన్ని ఉన్నాయి.

ఐదు దగ్గరే ఎందుకు ఆగుతున్నాయి

ఆంధ్రప్రదేశ్ 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న భవనం హైరైజ్ కిందికి వస్తుంది. ఆ గీత దాటితే పెద్ద స్థలం, వెడల్పాటి రోడ్డు, చుట్టూ ఎక్కువ ఖాళీ చూపించాలి. నివాస భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా ఆ ఎత్తు మించినప్పుడే అడుగుతారు. స్టిల్ట్‌కు రెండున్నర నుంచి మూడు మీటర్లు, ఒక్కో అంతస్తుకు మూడు మీటర్ల లోపు వేసుకుంటే ఐదంతస్తులు 18 మీటర్ల కిందే సర్దుకుంటాయి. వీధి చివర నిలబడి చూస్తే అపార్ట్‌మెంట్లన్నీ ఒకే గీటు గీసి కోసినట్టు కనపడటానికి కారణం ఇదే.

ఈ ఎత్తుకు ఒక సుగుణం ఉంది. లిఫ్టు ఆగినా, కరెంటు పోయినా ఐదో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లవచ్చు. ఒక లోటూ ఉంది. ఎన్‌వోసీ అక్కర్లేని చోట అగ్నిమాపక శాఖ తనిఖీ అనే దశే ఉండదు. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత కూలర్లు, గ్యాసు బండలు చేరకుండా చూసే బాధ్యత ఆ భవనంలో ఉండేవాళ్ల మీదే పడుతుంది. ఉన్న మెట్ల దారి ఒక్కటే అయిన చోట అదేమీ చిన్న విషయం కాదు.

నడిచి వెళ్లే పేట తనంత తానే పుట్టలేదు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయ్యింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి రాజధాని హైదరాబాదుకు తరలేదాకా ఆ హోదా ఉంది. ఏ, బీ, సీ క్యాంపులు ఆ మూడేళ్ల గుర్తులు. ఉద్యోగుల కోసం ఏర్పడిన ఈ నివాసాల చుట్టూ నెలజీతం కుటుంబాలు, వాళ్లను నమ్ముకున్న అంగళ్లు, బడులు చేరాయి. రాజధాని వెళ్లిపోయినా పేటల అల్లిక మిగిలింది. సీ క్యాంపులో రైతుబజారు నడవడానికి కూడా అడుగు దూరంలో ఇన్ని కుటుంబాలు ఉండటమే బలం.

కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పాతబస్తీది వేరే కథ. మోటారు బండి రాకముందు ఏర్పడిన సందులు అవి. అక్కడ కింద అంగడి, పైన కాపురం అన్నది పాత పద్ధతి.

ఒక అంగడి నిలబడాలంటే ఐదు నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్ల దూరంలో, తగినన్ని ఇళ్లుండాలి. ఎకరంలో రోడ్లూ ఖాళీలూ పోను 55 సెంట్లు మిగిలాయనుకుందాం. మూడు సెంట్ల ఇళ్లయితే 18 కుటుంబాలు పడతాయి. పదిహేను సెంట్లకొక అపార్ట్‌మెంటు, ఒక్కోదానిలో 20 ఫ్లాట్లు అనుకుంటే అదే ఎకరంలో 70 కుటుంబాలు దాటుతాయి. పాలకేంద్రం, మందుల షాపు, టిఫిన్ బండి ఎక్కడ నిలదొక్కుకుంటాయో ఈ తేడాయే చాలావరకు తేలుస్తుంది. ఊరి చివర వెంచర్లలో పదేళ్లయినా ఉగ్గాని తినాలంటే బండి తీయాల్సి రావడం వెనక ఉన్నదీ ఇదే. ఇళ్లు కడతారు గానీ, మధ్యలో ఖాళీ ప్లాట్లు పెట్టుబడిగా పడి ఉండటంతో అంగడికి సరిపడా గిరాకీ పోగవదు.

స్టిల్ట్ తినేసే వీధి

అపార్ట్‌మెంట్లు పెరిగితే నడక కూడా పెరగాలి కదా అనిపిస్తుంది. ఇక్కడే ఒక పేచీ ఉంది. రోడ్డు మీదున్న పాత ఇళ్లకు అరుగో, అంగడి గదో ఉండేది. దాని స్థానంలో వచ్చిన భవనంలో నేల అంతస్తు మొత్తం బండ్లకే. రోడ్డు వైపు కనిపించేవి ప్రహరీ, ఇనుప గేటు, లోపల చీకటి స్టిల్ట్. ఒక వీధిలో వరసగా నాలుగైదు ఇలా మారితే జనం నాలుగింతలవుతారు గానీ వీధి వైపు తెరిచి ఉండే తలుపులు తగ్గిపోతాయి. దీపాలు పెట్టే వేళకు అంగళ్ల వెలుతురూ మనుషుల అలికిడీ ఉన్న సందులో నడవడం వేరు, గోడల మధ్య నడవడం వేరు. పెద్దవాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఈ తేడాను వెంటనే పసిగడతారు.

గేటు నుంచి కారు ఎక్కడానికి రోడ్డు మీదికి వేసే సిమెంటు వాలు ఇంకొకటి. భారత రోడ్ల కాంగ్రెస్ పాదచారుల ప్రమాణాలు అడ్డంకుల్లేని 1.8 మీటర్ల ఫుట్‌పాత్ అడుగుతాయి. లోపలి సందుల్లో అంత జాగా ఎలాగూ ఉండదు. ఉన్న అంచును కూడా ఈ వాలులు ముక్కలు చేస్తాయి. అలా ప్రతి గేటు దగ్గరా నడిచేవాళ్లు బండ్ల మధ్యకు దిగాల్సి వస్తుంది. “అన్నీ నడక దూరమే” అన్న మాట మీద ఫ్లాట్లు అమ్ముకునే భవనమే ఆ నడకను కొంచెం కొంచెంగా కొరుకుతోందన్నమాట. రోడ్డు వైపు రెండు షాపు గదులు వదిలిన అపార్ట్‌మెంట్లలో ఈ నష్టం తక్కువ. వాటికి పార్కింగ్ తగ్గుతుంది కాబట్టి బిల్డర్లు ఇష్టపడరు.

నీళ్ల లెక్క

నగరానికి తాగునీటి ప్రధాన ఆధారం తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ. దాని నిల్వ సామర్థ్యం 1.2 టీఎంసీలు. నది పారనంత కాలం ఆ నిల్వతోనూ, సమ్మర్ స్టోరేజీ ట్యాంకుతోనూ నెట్టుకురావాలి. మరీ ఇబ్బందైన ఏళ్లలో హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి తెచ్చుకోవాలి. వేసవిలో కొళాయి వేళలు తగ్గడానికి మూలం అక్కడుంది.

ఇప్పుడు భవనం లోపలికి వద్దాం. పట్టణ నీటి సరఫరాకు కేంద్రం పెట్టుకున్న ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. 20 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 10,800 లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు తెప్పించినా ఇంకా 800 లీటర్ల లోటు. కొళాయి నీళ్లు తమ ఒత్తిడితో పై ట్యాంకుకు ఎక్కవు. పది మీటర్ల ఎత్తుకు నీరు లేవాలంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి ఉండాలి. 18 మీటర్ల పైనున్న ట్యాంకుకు దాదాపు రెండింతలు. అందుకే మున్సిపల్ నీళ్లు ముందు సంపులో పడి, అక్కడి నుంచి మోటారుతో పైకెక్కుతాయి. సొంత ఇంట్లో కొళాయి కింద బిందె పెట్టుకుని గడిపేసిన రోజులుంటాయి. అపార్ట్‌మెంట్లో మోటారు కాలితే అందరి కొళాయిలూ ఒకేసారి ఎండుతాయి.

బోరు సంగతి ఇంకా సున్నితం. ఈ ప్రాంతంలో నీరు రాతి పొరల చీలికల్లో ఉంటుంది. చీలిక తగిలిన బోరు పోస్తుంది, పది అడుగుల పక్కన వేసినది దుమ్ము కక్కుతుంది. పైగా పక్క స్థలంలో కొత్త అపార్ట్‌మెంటు లేచి ఇంకా లోతుకు బోరు వేస్తే ఇక్కడి నీరు అటు జారవచ్చు. ఫ్లాటు కొనేటప్పుడు “బోరులో నీళ్లు పుష్కలం” అన్న మాట ఆనాటికి నిజమే కావచ్చు. అది ఎన్నేళ్లు నిజంగా ఉంటుందన్నది పక్క స్థలాల వాళ్ల చేతిలో ఉంది.

వాన నీళ్లు పట్టుకుంటే సరిపోదా? కర్నూలు వైపు ఏడాది వాన సుమారు 670 మిల్లీమీటర్లు. 400 చదరపు మీటర్ల పైకప్పు మీద పడిన దానిలో ఎనభై శాతం పట్టుకోగలిగితే రెండు లక్షల 14 వేల లీటర్లు. పెద్ద అంకెలాగే ఉంది, కానీ 20 కుటుంబాలకు అది 20 రోజుల వాడకం. అదే నేల మీద ఐదు సొంత ఇళ్లుండి, వాటి కప్పులన్నీ కలిపి అంతే ఉంటే ఐదు కుటుంబాలకు దాదాపు 80 రోజులొస్తుంది. ఆకాశం నుంచి వచ్చేది నేల వైశాల్యాన్ని బట్టి, వాడేది తలల లెక్కను బట్టి. నడక దూరంలో అన్నీ ఉండటానికి కారణమైన జనసాంద్రతే నీళ్ల దగ్గర ఎదురు తిరుగుతుంది. ఇంకుడు గుంత బోరుకు ఊతమిస్తుంది, కొరత మాత్రం దాంతో తీరదు.

వరద వస్తే మూడో అంతస్తు పరిస్థితి

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచాయి. కర్నూలుకు దిగువనున్న శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదలో 896 అడుగుల దాకా వెళ్లింది. పాతబస్తీ నీళ్లలో ఉండిపోయింది. ఆ తర్వాత పై అంతస్తు ఇంటికి ఈ ఊళ్లో ఒక ప్రత్యేక విలువ ఏర్పడింది. అది సబబే, సగం వరకు. నీరు చేరని మూడో అంతస్తులో సామాను తడవదు. కానీ కరెంటు ప్యానెల్, మీటర్లు, జనరేటర్, మోటారు, సంపు అన్నీ స్టిల్ట్‌లోనే ఉంటాయి. బురద నీరు ముందు వాటినే పట్టుకుంటుంది. ఇల్లు పొడిగా ఉండి, కొళాయి రాక, లిఫ్టు కదలక, సంపు శుభ్రం చేసేదాకా తాగునీరు లేక కుటుంబాలు చిక్కుకుంటాయి. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా కిందే అన్నది ఎవరూ పెద్దగా ఎత్తని విషయం. మీటర్ల ప్యానెల్‌ను మనిషి ఎత్తుకు పైన బిగించడం కట్టేటప్పుడైతే చవక. నదికి దగ్గరి పేటల్లో కొనేవాళ్లు అడిగి చూడదగ్గ వివరం ఇది.

ఎండ విషయంలో మాత్రం లెక్క సులువు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. స్లాబు పగలంతా వేడెక్కి రాత్రి లోపలికి వదులుతుంది. ఆ బాధ ఐదో అంతస్తుది. మధ్య అంతస్తులకు పైన, కింద ఇళ్లే కవచం. పడమటి గోడ ఎవరికి వచ్చిందన్నది ఆ తర్వాతి ప్రశ్న. పాతకాలపు చవుడు మిద్దెలు (కప్పు మీద చవుడు మట్టి పరిచినవి) వేడిని ఇంత త్వరగా లోపలికి రానిచ్చేవి కావు, అయితే అవి ఐదంతస్తులు మోయలేవు.

కాగితాల్లో వాటా ఎంత

పదిహేను సెంట్లలో 20 సమాన ఫ్లాట్లుంటే ఒక్కోదానికి నేలలో వచ్చే అవిభక్త వాటా ముప్పావు సెంటు, అంటే 36 గజాల పైచిలుకు. భవనం పాతబడే కొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, పెరిగేది ఈ 36 గజాల విలువే. పేపరు మీద 1,250 అడుగులని రాసుకున్న ఫ్లాట్లో గోడల నడుమ వాడుకునే చోటు అంతకంటే చాలా తక్కువ. మెట్లు, లిఫ్టు, వరండా వాటా కలిపితే ఆ అంకె అవుతుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఆ లోపల వాడుకునే చోటు, చెప్పి అమ్మాలంటుంది. జీఎస్టీలో కూడా ఈ కొలతే లెక్క. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో కర్నూలు లాంటి మెట్రో కాని నగరంలో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు మించకపోతే కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు ఒక శాతం, మించితే ఐదు శాతం. పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

రెరాలో ఒక గడప ఉంది. స్థలం 500 చదరపు మీటర్లకు లోపు ఉన్నా, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మన కొలతల్లో 500 చదరపు మీటర్లంటే పన్నెండు సెంట్ల పైన ఇంకొంచెం. ఊరి చివర ఎకరాల్లో లేచే ప్రాజెక్టు రెరా లోపలే ఉంటుంది. ఊరి నడుమ పాత ఇంటి స్థలాలు సరిగ్గా పది, పన్నెండు సెంట్ల దగ్గర ఆగుతాయి. అంటే నడక సౌకర్యం ఎక్కడ ఎక్కువో, అక్కడే కొనుగోలుదారుకు ఈ రక్షణ అందని భవనాలు ఎక్కువగా ఉండే వీలుంది. రిజిస్టరైన ప్రాజెక్టులో కట్టుబడి లోపాలకు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల వరకు బిల్డరే బాధ్యుడు. గడప బయటి భవనంలో ఒప్పందపత్రంలో ఏం రాసుకున్నారన్నదే చాలావరకు దిక్కు.

పార్కింగ్ కూడా ఇక్కడే ముడిపడుతుంది. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి చోటు, దాన్ని విడి ఆస్తిగా అమ్మడం కుదరదని సుప్రీంకోర్టు 2010లో ఒక ముంబయి కేసులో తేల్చింది. అయినా “కారు పార్కింగ్‌కు ఇంత” అన్న బేరం ఎక్కడా ఆగలేదు. ఎవరి గీత ఎక్కడన్నది రాతలో లేకపోతే మొదటి తగాదా అక్కడే మొదలవుతుంది.

నెలకు 208 రూపాయలు

మెయింటెనెన్స్ అంటే వాచ్‌మన్ జీతం, లిఫ్టు సర్వీసు, మెట్ల దీపాల కరెంటు, ట్యాంకు కడగడం. ఇవి ప్రతి నెలా కళ్ల ముందుండే ఖర్చులు కాబట్టి గొణుక్కుంటూనైనా కడతారు. మొదటి అంతస్తువాళ్లు లిఫ్టు వాడం అంటారు, పెద్ద ఫ్లాటువాళ్లు ఇంటికింత అని లెక్కేయమంటారు, చిన్న ఫ్లాటువాళ్లు అడుగుకింత అంటారు. ఇవి పంచాయితీలే గానీ ప్రమాదాలు కావు.

చిక్కు పెద్ద ఖర్చులతో. ఇరవై ఏళ్లకు లిఫ్టు మార్చి, పైకప్పు వాటర్‌ప్రూఫింగ్ చేసి, గోడలకు మరమ్మతు చేయించడానికి, ఉదాహరణకు, పది లక్షలు అవుతాయనుకుందాం. మొదటి నెల నుంచీ పోగుచేస్తే ఫ్లాటుకు నెలకు 208 రూపాయలు చాలు. చేయకపోతే ఇరవయ్యో ఏట ఇంటికి 50 వేలు ఒకేసారి. అప్పటికి కొన్ని ఫ్లాట్లు అద్దెకు పోయి ఉంటాయి, కొందరు యజమానులు బెంగళూరులో, హైదరాబాదులో ఉంటారు. కప్పు అందరిదీ, కారేది ఐదో అంతస్తులో. చెమ్మ తమ గోడ దాకా రానివాళ్లకు తొందరేముంటుంది? మరమ్మతు వాయిదా పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, పది లక్షల పని పదిహేనుకు చేరుతుంది.

అమెరికాలో కండోమినియం అని పిలిచే వాటాల భవనాల్లో ఈ వాయిదా ఎంత దూరం పోతుందో 2021 జూన్ 24న తెలిసింది. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల భవనం కూలి 98 మంది చనిపోయారు. కూలడానికి రెండు నెలల ముందే ఫ్లాట్ల యజమానులు సుమారు కోటిన్నర డాలర్ల మరమ్మతులకు వాటాలు వేసుకున్నారు. ఆ పని ఏళ్ల తరబడి సాగదీసిందే. మరుసటి ఏడు ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, అంతకు మించిన కండో భవనాలకు ముప్పై ఏళ్లకు నిర్మాణ తనిఖీ, మరమ్మతుల నిధి తప్పనిసరి చేసింది. ముంబయిలో ముప్పై ఏళ్లు దాటిన భవనాలకు స్ట్రక్చరల్ ఆడిట్ నిబంధన ఉంది. సముద్రపు ఉప్పుగాలి లేని కర్నూలులో తుప్పు వేగం తక్కువే. అయితే కారే ట్యాంకు కింద స్లాబుకు సముద్రంతో పని లేదు.

కూల్చి మళ్లీ కడితే

మన రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది 1987లో. ఆ తర్వాతి తొలి తరం భవనాలు ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసుకు వస్తున్నాయి. “పాతబడితే బిల్డరుకిస్తాం, కొత్తది కట్టిస్తాడు” అన్న ధీమా వాటిలో చాలామందికి ఉంటుంది. ఈ ధీమా పాత మిద్దె అనుభవం నుంచి వచ్చింది. ఒక ఇంటి స్థలంలో 20 ఫ్లాట్లు పడతాయి కాబట్టి యజమానికి ఉచితంగా వాటా ఇచ్చి, మిగిలినవి అమ్ముకుని బిల్డరు లాభపడ్డాడు. ముంబయిలో పాత భవనాలను తిరిగి కట్టించగలగడానికి కూడా అదనంగా దొరికే అంతస్తులే ఆధారం.

20 ఫ్లాట్ల భవనం కూల్చితే ఆ ఎత్తు పరిమితిలో మళ్లీ పడేవి 20 ఫ్లాట్లే. బిల్డరు అమ్ముకోవడానికి మిగులు ఉండదు. ఎత్తు నిబంధన సడలితేనో, రోడ్డు వెడల్పయి పక్క స్థలం కలిస్తేనో తప్ప, కొత్త కట్టుబడి ఖర్చు మొత్తం 20 మంది తమ జేబులోంచే పెట్టుకోవాలి. అందరూ ఒకే సమయంలో ఒప్పుకోవాలి, రెండు మూడేళ్లు బయట అద్దెకుండాలి. మొదటిసారి స్థలాన్ని బిల్డరుకిచ్చింది ఒక్క కుటుంబం. రెండోసారి సంతకాలు 20 కావాలి.